లాగడం, సాచడం, వేలాడటం: ఇంగ్లీషు వాయిదా మాటల వెనక ఉన్న లాటిన్

"పనులకు టెండర్ పిలిచారు. కాంట్రాక్టర్ గడువులోగా పూర్తి చేయలేక ఎక్స్‌టెన్షన్ అడిగాడు. బిల్లులు పెండింగ్‌లో ఉన్నాయి." ఇలాంటి వార్త తెలుగు పేపర్లలో తరచూ కనబడుతూనే ఉంటుంది. అందులో టెండర్, కాంట్రాక్టర్, ఎక్స్‌టెన్షన్, పెండింగ్ మనకు ఇంగ్లీషు నుంచి వచ్చాయి. ఇంగ్లీషుకు లాటిన్ నుంచి వచ్చాయి. ఇంకొంచెం తవ్వితే ఈ నాలుగింటి అడుగునా తేలేవి మూడే మూడు పనులు: లాగడం, సాచడం, వేలాడటం.

పొడిగింపుకూ జాప్యానికీ ఇంగ్లీషులో మాటలకు కొదవ లేదు. ప్రొలాంగ్, ప్రొట్రాక్ట్, ఎక్స్‌టెండ్, డిఫర్, పోస్ట్‌పోన్, సస్పెండ్, ప్రొక్రాస్టినేట్, ప్రొరోగ్, మారటోరియం. డిక్షనరీ తెరిస్తే ఒకదానికి అర్థంగా ఇంకొకటి కనిపిస్తుంది. పోటీ పరీక్షల గైడ్లయితే వీటన్నిటినీ ఒకే గాటన కట్టి పర్యాయపదాలుగా బట్టీ పట్టిస్తాయి. తీరా వాక్యం రాయబోతే చిక్కొచ్చి పడుతుంది. గడువును ఎక్స్‌టెండ్ చేస్తారు, ప్రొట్రాక్ట్ చేయరు. మందు ఆయుష్షును ప్రొలాంగ్ చేస్తుంది, అక్కడ డిఫర్ అంటే కుదరదు. కోర్టు కేసు ప్రొట్రాక్టెడ్ అవుతుంది, పెళ్లి వేడుక మాత్రం ఎంతసేపు సాగినా ఎవరూ ఆ మాట వాడరు. ఈ తేడాలు ఊరికే పుట్టలేదు. ప్రతి మాట కిందా చేత్తో చేసే ఒక పని ఉంది. ఆ పని ఏమిటో తెలిస్తే ఆ మాట ఎక్కడ అతుకుతుందో చాలావరకు దానంతటదే తెలుస్తుంది. ఇంగ్లీషు నేర్చుకునే పిల్లలకు ఈ సంగతి చెప్పకుండా జాబితాలు మింగించడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

లాగడంతో మొదలుపెడదాం. లాటిన్‌లో 'త్రహెరె' అంటే లాగడం, ఈడ్వడం. (లాటిన్ మాటలు తెలుగు లిపిలో చక్కగా ఒదుగుతాయి. హ్రస్వమైన ఎ, ఒ మనకు ఉన్నాయి, దేవనాగరికి ఆ వీలు లేదు.) లాగినదాన్ని చెప్పే రూపం 'త్రక్తుస్'. ఇంగ్లీషు మాటల్లో కనిపించే 'ట్రాక్ట్' ఇదే. దాని ముందు చేరే చిన్న ముక్కను బట్టి లాగే దిక్కు మారుతుంది. తనవైపు లాగితే అట్రాక్ట్, బయటికి లాగితే ఎక్స్‌ట్రాక్ట్. మనసును తలో దిక్కుకూ లాగేస్తే డిస్ట్రాక్షన్. కింది నుంచి లాగి తీసేస్తే సబ్‌ట్రాక్షన్, మన తీసివేత లెక్క. దగ్గరికి లాగితే కాంట్రాక్ట్. ఈ చివరిదానికి ఇంగ్లీషులో మూడు బతుకులున్నాయి. ఇద్దరిని ఒక ఒప్పందంలోకి లాగినా కాంట్రాక్టే, కండరం తనలోకి తాను ముడుచుకున్నా కాంట్రాక్టే, జబ్బును ఒంటికి అంటించుకున్నా కాంట్రాక్టే. మనవాళ్లు మొదటి అర్థాన్ని తీసుకుని కాంట్రాక్టర్‌నీ కాంట్రాక్టు ఉద్యోగాన్నీ తెలుగు మాటలు చేసేసుకున్నారు.

ట్రాక్టర్ అంటే లాగేది. ఇది పొలంలో దిగకముందే ఇంగ్లీషులో ఇంకో వస్తువుకు ఆ పేరు ఉండేది. అమెరికాలో ఎలైషా పెర్కిన్స్ అనే వైద్యుడు 1796లో రెండు లోహపు కడ్డీలకు పేటెంట్ తీసుకున్నాడు. నొప్పి ఉన్నచోట వాటితో రాస్తే జబ్బును బయటికి లాగేస్తాయని ప్రచారం జరిగింది. వాటికి పెట్టిన పేరు ట్రాక్టర్లు. మూడేళ్ల తర్వాత ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో జాన్ హేగార్త్ అనే డాక్టర్, చూడటానికి అచ్చం వాటిలాగే ఉండే చెక్క కడ్డీలతో రోగులకు రాయించాడు. చెక్కతో రాసినా రోగులు అంతే తేలిక పడ్డామన్నారు. వైద్యచరిత్రలో ప్లసీబో ప్రభావాన్ని, అంటే ఉత్తుత్తి చికిత్సతోనే నయమైనట్టు అనిపించడాన్ని, పరీక్షించి చూపిన తొలి ప్రయోగాల్లో ఇది ఒకటి.

ఇప్పుడు ప్రొట్రాక్ట్. 'ప్రో' అంటే ముందుకు. ముందుకు ఈడ్చుకుంటూ పోవడాన్ని లాటిన్‌లో 'ప్రోత్రహెరె' అన్నారు. కాలాన్ని ఈడ్వడానికి కూడా రోమన్లే ఈ మాట వాడారు, ఇంగ్లీషు దాన్ని 16వ శతాబ్దంలో తీసుకుంది. ఈడ్వడంలో బరువు ఉంటుంది, రాపిడి ఉంటుంది. అందుకే ప్రొట్రాక్టెడ్ అన్న మాట పక్కన యుద్ధాలు, వ్యాజ్యాలు, తెగని చర్చలు, సమ్మెలు వచ్చి చేరతాయి. సుఖమైన సంగతి దాని పక్కన ఇమడదు. "కేసును ఏళ్ల తరబడి ఈడుస్తున్నారు" అని మనం అనేటప్పుడు ఉండే విసుగే ఆ మాటలోనూ ఉంది.

మరి స్కూలు పిల్లల జామెట్రీ బాక్సులో ఉండే ప్రొట్రాక్టర్ సంగతేమిటి? అరచంద్రాకారంలో పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క, అంచున సున్నా నుంచి 180 దాకా అటూ ఇటూ రెండు వరుసల అంకెలు, సరళరేఖ మధ్యలో చిన్న గుర్తు. తెలుగు పాఠ్యపుస్తకంలో దాని పేరు కోణమానిని, అంటే కోణాన్ని కొలిచేది. ఇంగ్లీషు పేరులో మాత్రం కోణం ఊసు లేదు, కొలత ఊసూ లేదు. సర్వేయర్లు పొలంలో కొలిచిన గీతల్నీ కోణాల్నీ స్కేలు ప్రకారం కాగితం మీదికి ఎక్కించడాన్ని ఒకప్పుడు ఇంగ్లీషులో ప్రొట్రాక్ట్ చేయడం అనేవారు. గీత గీయడమంటే కలాన్ని ముందుకు లాగడమే. ఇంగ్లీషు వాళ్ల సొంత మాట 'డ్రా' చూడండి, నీళ్లు తోడటానికీ అదే, బొమ్మ గీయడానికీ అదే. అలా కాగితం మీద కోణం గీయడానికి పనికొచ్చే పరికరం 17వ శతాబ్దంలో ప్రొట్రాక్టర్ అయింది. కోణమానిని కొలిచేది, ప్రొట్రాక్టర్ గీసేది. పిల్లలు దాంతో రెండు పనులూ చేస్తారు కాబట్టి రెండు పేర్లూ సరైనవే.

పోర్ట్రెయిట్ కూడా ఇదే ప్రోత్రహెరె నుంచి పుట్టింది. వినడానికి ప్రొట్రాక్ట్‌కీ దీనికీ పోలిక పెద్దగా లేదు. కారణం, లాటిన్ ఇంగ్లీషులోకి రెండు దార్లలో వచ్చింది. 1066లో నార్మండీ విలియం ఇంగ్లండ్‌ను గెలిచాక కొన్ని తరాలపాటు దొరల మాట, కోర్టుల మాట ఫ్రెంచే. ఫ్రెంచ్ అంటే శతాబ్దాలపాటు జనం నోళ్లలో నలిగి అరిగిన లాటిన్. ఆ దారిన వచ్చిన మాటలు రూపం మారిపోయి వచ్చాయి. 15, 16 శతాబ్దాల్లో పండితులు పాత లాటిన్ గ్రంథాలు తిరగేసి, అవే మాటల్ని పుస్తకాల్లోంచి నేరుగా ఇంకోసారి తెచ్చుకున్నారు. ఇవి చెక్కు చెదరకుండా వచ్చాయి. తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు ఇది కొత్త కాదు, ప్రకృతి–వికృతి వ్యవహారమే. సంస్కృతం నుంచి యాత్ర అలాగే వచ్చింది, నలిగి జాతర అయి కూడా వచ్చింది. రెండూ ఒకటే అయినా తీర్థయాత్ర వేరు, మేడారం జాతర వేరు. అలాగే ప్రోత్రహెరె పుస్తకంలోంచి వచ్చి ప్రొట్రాక్ట్ అయింది, ఫ్రెంచ్ నోట నలిగి పోర్ట్రెయిట్ అయింది. ఒకటి కాలాన్ని లాగుతుంది, ఒకటి ముఖాన్ని గీస్తుంది.

త్రహెరె కుటుంబంలో ఇలా వికృతిగా వచ్చినవి ఇంకా ఉన్నాయి. పదే పదే లాగడం, చేత్తో అటూ ఇటూ తిప్పి చూడటం అనే అర్థం నుంచి ట్రీట్, ట్రీట్‌మెంట్, దేశాల మధ్య ట్రీటీ పుట్టాయి. వెనక్కి లాగితే రిట్రీట్. ట్రెయిన్ అంటే మొదట గౌను వెనక నేల మీద జీరాడే బట్ట. తర్వాత దొర వెంట నడిచే పరివారం. ఇంజను లాగే పెట్టెల వరుసకు ఆ పేరు వచ్చింది 19వ శతాబ్దంలోనే.

ఇలాంటి జంటల్లో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ప్రొలాంగ్, పర్‌లాయిన్. లాటిన్‌లో 'లొంగుస్' అంటే పొడవైనది. దాని మీద కట్టిన అర్వాచీన లాటిన్ క్రియ 'ప్రోలొంగారె', అంటే పొడవు చేయడం. దాన్నుంచి నేరుగా వచ్చినది ప్రొలాంగ్. నార్మన్ ఫ్రెంచ్‌లో అదే క్రియ నలిగి, దూరంగా పెట్టడం, వాయిదా వేయడం అనే అర్థంతో ఇంగ్లండ్ చేరింది. దూరంగా పెట్టినది కొన్నాళ్లకు కనబడకుండా దాచినదైంది, దాచినది కాజేసినదైంది. ఇవాళ ఇంగ్లీషులో పర్‌లాయిన్ అంటే దొంగిలించడం. ఆయుష్షును పొడిగించే మాటా, వస్తువును ఎత్తుకుపోయే మాటా ఒక్క క్రియ నుంచే పుట్టాయి.

ఇక సాచడం. లాటిన్ 'తెన్దెరె' అంటే సాచడం, చాపడం, బిగదీయడం. బయటికి సాచితే ఎక్స్‌టెండ్. గుడ్డను బిగించి సాచితే టెంట్. చేయి చాపి "ఇదిగో, ఈ ధరకు చేస్తాను" అని ఇవ్వజూపితే టెండర్. ముఖానికి అడ్డంగా తెరలా ఒకటి చాపితే ప్రిటెండ్, నటన. మనసును ఒకవైపు సాచితే అటెండ్. ఇదే క్రియ ఫ్రెంచ్‌లో ఎదురుచూడటం అయింది, ఇవాళ్టికీ అక్కడ ఆ అర్థమే. తీగను రెండు కొసలా పట్టి బిగదీస్తే ఉండేది టెన్షన్. మనం రోజుకు ఎన్నిసార్లు "టెన్షన్‌గా ఉంది" అంటామో లెక్క లేదు. నరాలు బిగుసుకున్న ఆ స్థితికి రోమన్ల మాట అచ్చంగా సరిపోయింది.

ఎక్స్‌టెండ్‌కీ ప్రొట్రాక్ట్‌కీ తేడా ఇక్కడ తేలిపోతుంది. సాచేటప్పుడు ఒక కొస మన చేతిలోనే ఉంటుంది. ఎంతవరకు సాచాలో మన ఇష్టం. అందుకే ఎక్స్‌టెన్షన్ అంటే అధికారం ఉన్నవాళ్లు ఇచ్చేది, దానికి ఒక తేదీ ఉంటుంది, ఒక ఉత్తర్వు ఉంటుంది. రిటైరయ్యే అధికారికి సర్వీసు ఎక్స్‌టెన్షన్ ఇస్తారు, కాంట్రాక్టర్‌కి గడువు ఎక్స్‌టెన్షన్ ఇస్తారు. ఈడ్వడంలో అలా పట్టు ఉండదు, బరువు ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా. ప్రొట్రాక్టెడ్ అయ్యేదానికి ముందుగా చెప్పిన తేదీ ఏదీ ఉండదు. ప్రొలాంగ్ ఈ రెండింటి మధ్య తటస్థంగా ఉంటుంది. పొడవు పెరిగిందని చెప్పి ఊరుకుంటుంది, మంచీ చెడూ పక్కనున్న మాటే చెప్పాలి.

తెన్దెరె కుటుంబానికి మన వైపు చుట్టాలున్నారు. సంస్కృతంలో 'తన్' ధాతువుకు సాచడం, విస్తరించడం అని అర్థం. లాటిన్, గ్రీకు, సంస్కృతం, ఇంగ్లీషు ఒకే మూలభాష నుంచి చీలినవి కాబట్టి లాటిన్ 'తెన్', సంస్కృత 'తన్' ఒకే వేరు. సాచిన దారం తంతువు, బిగించిన వీణ తీగ తంత్రి, పైన పరచినది వితానం, తెగకుండా సాగే వంశం సంతతి, సంతానం. ఇవన్నీ తెలుగులో మనం వాడే మాటలే. తెలుగు మాత్రం ఆ కుటుంబంలోది కాదు. దక్షిణాది భాషలు వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో నిరూపించాడు. ఈ మాటలు సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్నవి. అయినా వీణ తంత్రికీ కరెంటు స్తంభం మీది హైటెన్షన్ తీగకూ మూలం ఒకటే.

ఇంగ్లీషు సొంత మాటల్లో ఈ వేరు 'థిన్' రూపంలో ఉంది. సాగదీసినది పల్చబడుతుంది, సన్నబడుతుంది. సంస్కృతంలో సన్నని ఆడమనిషిని తన్వి అన్నదీ అందుకే. లాటిన్, సంస్కృతాల్లో 'త' ఉన్నచోట ఇంగ్లీషు సొంత మాటల్లో 'థ' వస్తుంది: మన త్రయం, లాటిన్ 'త్రేస్', ఇంగ్లీషు 'త్రీ' మొదట్లో పలికే 'థ' ధ్వని. ఈ సూత్రాన్ని 1822లో జేకబ్ గ్రిమ్ స్థిరపరిచాడు. అన్నదమ్ములిద్దరూ కలిసి జానపద కథలు సేకరించారే, ఆ ఇద్దరిలో పెద్దవాడు. ఈ సూత్రం చేతిలో ఉంటే పైపై పోలికలకు మోసపోం. త్రహెరె అంటే లాగడం, ఇంగ్లీషు డ్రాగ్ అన్నా లాగడమే, చూడగానే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ లాటిన్ 'త'కు ఇంగ్లీషులో 'డ' జోడీ కాదు. డ్రా, డ్రాగ్ జర్మానిక్ భాషల సొంత సొత్తు. ట్రెక్కింగ్‌లోని ట్రెక్ కూడా లాగడమే, అయితే అది ఎడ్లబండ్లతో వలస పోయిన దక్షిణాఫ్రికా డచ్చివాళ్ల మాట, లాటిన్ కాదు. వ్యాకరణంలో భూతకాలం, వర్తమానకాలం చెప్పే టెన్స్‌కి టెన్షన్‌తో ఏ సంబంధమూ లేదు, అది కాలం అనే అర్థమున్న 'తెంపుస్' నుంచి వచ్చింది.

జామెట్రీ క్లాసులో సాగదీత మాట ఇంకొకటి ఉంది. ఇంగ్లీషు మీడియం పుస్తకంలో బాహ్యకోణ సిద్ధాంతం చెప్పేటప్పుడు త్రిభుజం భుజాన్ని 'ప్రొడ్యూస్' చేస్తే అంటారు. తయారు చేయడం అని మాత్రమే తెలిసిన పిల్లవాడు అక్కడ తెల్లమొహం వేస్తాడు, అది వాడి తప్పు కాదు. లాటిన్ 'దూకెరె' అంటే నడిపించడం, వెంట తీసుకుపోవడం. ముందుకు తీసుకుపోతే 'ప్రోదూకెరె'. గీతను ముందుకు తీసుకుపోతే అది పొడవవుతుంది, అదే జామెట్రీ ప్రొడ్యూస్. వస్తువును ముందుకు తెచ్చి చూపితే కోర్టులో సాక్ష్యం ప్రొడ్యూస్ చేయడం. లేనిదాన్ని లోకం ముందుకు తెస్తే ఉత్పత్తి. సినిమా ప్రొడ్యూసర్ ఈ చివరి దారిన వచ్చాడు. తెలుగు మీడియం పిల్లలకు "భుజాన్ని పొడిగించగా" అని చెబుతాం, వాళ్లకు ఈ ఇబ్బందే లేదు. ఆ పేజీలోనే ఉండే హైపోటెన్యూస్, మన కర్ణం, గ్రీకు మాట. లంబకోణం కింద సాచిన గీత అని దాని అర్థం, అందులోని 'టెన్' కూడా పైన చెప్పిన వేరే.

ఇంతవరకు పొడవు చేసే మాటలు. వెనక్కి నెట్టే మాటలది వేరే తీరు. లాటిన్ 'దిఫ్ఫెరె' అంటే వేర్వేరు దిక్కులకు మోసుకుపోవడం. దీన్నుంచి ఇంగ్లీషులో రెండు మాటలు పుట్టాయి, తేడాగా ఉండటం అనే అర్థంలో ఒక డిఫర్, వాయిదా వేయడం అనే అర్థంలో ఒక డిఫర్. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉన్నాయి కదా, లాటిన్‌లోనూ అంతే. ఇంగ్లీషులో స్పెల్లింగూ, నొక్కి పలికే చోటూ మార్చి వాటిని విడదీశారు. పనిని ఈ రోజు నుంచి ఎత్తి ఇంకో రోజు దగ్గర దించడమే ఈ వాయిదా. మోసిన వస్తువు అలాగే ఉంటుంది, దాని పొడవు పెరగదు. కాబట్టి ఆయుష్షును డిఫర్ చేయలేం, ఫీజు కట్టడాన్ని చేయగలం. పోస్ట్‌పోన్ ఇంకా సూటిగా ఉంటుంది, తర్వాత పెట్టడం. దానికి ఎదురుగా మన దేశంలో బాగా వాడే ప్రీపోన్‌ను తప్పని కొట్టేసేవాళ్లున్నారు. ముందు పెట్టడం అనే అర్థంలో లాటిన్‌లో 'ప్రయెపోనెరె' ఉండనే ఉంది. కట్టుబడిలో ప్రీపోన్‌కు ఏ లోపమూ లేదు, అవసరమైన మాట, వాడటానికి సంకోచం అక్కర్లేదు.

ప్రొక్రాస్టినేట్‌లో చేతిపని లేదు, రోజు ఉంది. 'క్రాస్' అంటే రేపు. పనిని రేపటి సొత్తు చేయడం ఆ క్రియ. క్రీ.పూ. 43 జనవరిలో రోమ్ సెనేట్ మార్క్ ఆంటోనీ దగ్గరికి రాయబారుల్ని పంపాలని నిర్ణయించినప్పుడు, అది వృథా కాలయాపన అని రోమన్ వక్త సిసిరో ప్రజల ముందు ప్రసంగించాడు. ఆ ప్రసంగంలో నిదానాన్నీ వాయిదానీ అసహ్యకరమైనవని తిట్టడానికి వాడిన మాట 'ప్రోక్రాస్తినాతియో'. రోమన్ల దగ్గర ఎల్లుండికీ ఒక మాట ఉండేది, 'పెరెందియే'. కేసు విచారణను మూడో రోజుకు వాయిదా వేసే పద్ధతికి దాని మీదే పేరు కట్టారు. ఎల్లుండికి వాయిదా వేయడాన్ని చెప్పే పెరెండినేట్ అనే మాట ఇంగ్లీషు పెద్ద డిక్షనరీల్లో ఉంది గానీ వాడినవాళ్లు అరుదు.

అయితే రోమన్లు జాప్యాన్ని అన్నివేళలా తిట్టలేదు. క్రీ.పూ. 217లో త్రసిమేనే సరస్సు దగ్గర కార్తేజ్ సేనాని హనీబాల్ రోమన్ సైన్యాన్ని ఊచకోత కోశాక, ఫాబియుస్ మాక్సిముస్‌ను నియంతగా నియమించారు. అతను నేరుగా తలపడకుండా కొండల మీదుగా వెంటాడుతూ, ఆహారం అందకుండా చేస్తూ శత్రువును అలసిపోనిచ్చాడు. మొదట్లో ఎగతాళిగా పలికిన 'కుంక్తాతోర్', అంటే తాత్సారం చేసేవాడు అన్న పేరు, తర్వాత బిరుదైంది. లండన్‌లో 1884లో పుట్టిన ఫేబియన్ సొసైటీ ఆ సేనాని పేరే పెట్టుకుంది, సోషలిజం తొందరపడకుండా మెల్లగా రావాలన్నది దాని వాదం. మదనపల్లెలో కాలేజీ పెట్టించిన అనీ బిసెంట్ భారతదేశం రాకముందు ఆ సొసైటీ సభ్యురాలు.

జాప్యానికి లాటిన్‌లో అచ్చమైన నామవాచకం 'మొర'. 2020 మార్చి 27న రిజర్వ్ బ్యాంకు లోన్ల మీద మారటోరియం ప్రకటించినప్పుడు ఈ మాట మొదటిసారిగా ప్రతి ఇంటికీ చేరింది. ముందు మూడు నెలలు, తర్వాత ఆగస్టు 31 దాకా. ఈఎంఐ మాఫీ అయిందని సంబరపడినవాళ్లు చాలామంది, తీరా వడ్డీ పెరుగుతూనే ఉందని తెలిసి కంగారుపడ్డారు. మారటోరియం అంటే ఆలస్యానికి అనుమతి, అంతకుమించి ఆ మాటలో ఏమీ లేదు. ఈ చిన్న సంగతి అప్పుడే తెలుగులో విడమరిచి చెప్పి ఉంటే ఎన్నో కుటుంబాలు లెక్క వేసుకుని నిర్ణయం తీసుకునేవి. విశాఖ పోర్టులోనూ రైల్వే గూడ్స్ యార్డుల్లోనూ రోజూ వినిపించే డెమరేజ్ కూడా మొర సంతానమే. ఓడనో వ్యాగన్‌నో గడువు దాటి నిలిపి ఉంచినందుకు కట్టే రుసుము అది. సొరచేపలకూ ఓడలకూ తల మీద పీల్చి పట్టుకునే బిళ్లతో అతుక్కుపోయే ఒక చేపను ఇంగ్లీషులో రిమోరా అంటారు, ఆపేది అని అర్థం. ఆ చిన్న చేప ఓడను కదలకుండా నిలబెట్టేస్తుందని పూర్వులు నమ్మారు. క్రీ.పూ. 31లో ఆక్టియం యుద్ధంలో ఆంటోనీ ఓడను ఇదే ఆపిందని రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి గ్రంథంలో రాశాడు.

పెండింగ్‌ది వేలాడటం. లాటిన్ 'పెన్దెరె' ఫ్రెంచ్ మీదుగా వచ్చి పెండింగ్ అయింది. గోడ గడియారం పెండ్యులం, మెడలో పెండెంట్, సస్పెన్స్, సస్పెన్షన్ అన్నీ దాని తోబుట్టువులే. తేలని సంగతి గాలిలో వేలాడుతోందని మనమూ అంటాం. స్థలం కొనేవాళ్లు ఇందులో ఒక లాటిన్ మాటను తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి: లిస్ పెండెన్స్, వేలాడుతున్న వ్యాజ్యం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ దీని గురించే. కోర్టులో దావా నడుస్తుండగా ఆ ఆస్తిని కొంటే, కొన్నవాళ్లు కూడా ఆ దావా తీర్పుకు కట్టుబడాల్సిందే. కొనేటప్పుడు దావా సంగతి తెలియదన్నా సాధారణంగా చెల్లదు.

చివరగా ప్రొరోగ్. ఈ మొత్తం గుంపులో అర్థం తలకిందులైనది ఇదొక్కటే. లాటిన్ 'రొగారె' అంటే అడగడం. రోమ్‌లో పదవులు ఏడాదికే, అధికారం పొడిగించాలంటే ప్రజల్ని అడగాలి. క్రీ.పూ. 326లో క్వింతుస్ పుబ్లిలియుస్ ఫిలో నేపుల్స్ దగ్గర ముట్టడిలో ఉండగా కాన్సుల్‌గా, అంటే రోమ్ అత్యున్నత అధికారిగా, అతని ఏడాది ముగిసిపోయింది. మధ్యలో సేనానిని మార్చడం ఇష్టం లేక, యుద్ధం ముగిసేదాకా సైన్యం మీద అతని అధికారం కొనసాగేలా ప్రజలను అడిగి తీర్మానం చేయించారు. అలా అడిగి పొడిగించడమే 'ప్రోరొగారె'. ఇంగ్లీషులోకి 15వ శతాబ్దంలో వచ్చినప్పుడు కూడా దానికి పొడిగించడం అన్న అర్థం ఉండేది. రాజు పార్లమెంటును ఇంకో తేదీదాకా పొడిగించేవాడు. ఆ తేదీ వచ్చేదాకా మాత్రం సభ జరగదు. జనం కళ్లకు కనిపించింది రాబోయే తేదీ కాదు, మూతపడిన సభ. క్రమంగా ప్రొరోగ్ అంటే సమావేశాల్ని ముగించడం అని స్థిరపడింది. 2019లో బ్రిటన్ ప్రధాని సలహా మీద పార్లమెంటును ఐదు వారాలు ప్రొరోగ్ చేస్తే, అది చట్టవిరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టులో పదకొండు మంది జడ్జీలు సెప్టెంబర్ 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు.

మన రాజ్యాంగంలో పార్లమెంటును ప్రొరోగ్ చేసే అధికారం 85వ అధికరణం ప్రకారం రాష్ట్రపతిది, అసెంబ్లీని చేసే అధికారం 174 ప్రకారం గవర్నర్‌ది. స్పీకర్ సభను నిరవధికంగా వాయిదా వేస్తే ఆ సమావేశం ఇంకా బతికే ఉన్నట్టు లెక్క, ప్రొరోగ్ చేస్తేనే ముగిసినట్టు. ఇది కాగితం మీది తేడా కాదని హైదరాబాద్‌లో 2022 మార్చిలో తేలింది. ఆ ఏడాది తెలంగాణ బడ్జెట్ సమావేశాలు గవర్నర్ ప్రసంగం లేకుండానే మొదలయ్యాయి. అంతకుముందు జరిగిన సమావేశాన్ని ప్రొరోగ్ చేయలేదు, కాబట్టి ఇది కొత్త సమావేశం కాదు, దాని కొనసాగింపే అన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఏటా తొలి సమావేశం మొదట్లో గవర్నర్ ప్రసంగించాలని 176వ అధికరణం చెబుతుంది. గవర్నర్‌కూ ప్రభుత్వానికీ మధ్య వివాదమంతా ఈ పాయింటు మీదే నడిచింది. పొడిగింపు అని రోమ్‌లో మొదలైన పనిని చేయకుండా వదిలేయడం వల్లే హైదరాబాద్‌లో పాత సమావేశం పొడవైంది.